రంగం టార్చి, కువైట్ టేపు, సింగపూర్ లైటు

ఏలూరు పవర్‌పేటలో మాది రేడియో రిపేరు కొట్టు. 1976లో తెరిచాను. ఇప్పటికీ పొద్దున్నే షట్టరు ఎత్తేది నేనే. బల్ల వెనక అద్దాల బీరువాలో పై అర ఒక్కటి అమ్మకానికి కాదు. అందులో మూడు టార్చి లైట్లుంటాయి, వాటి పక్కన నాలుగోదానికి చోటు ఖాళీగా ఉంటుంది. మొదటిది మా తాతయ్య రంగం నుంచి తెచ్చింది. రెండోది మద్రాసు బర్మా బజారులో కొన్నది. మూడోది నేను కువైట్ నుంచి తెచ్చుకున్నది. నాలుగోది సింగపూర్‌ది. అది ఇంకా పనిలో ఉంది, రోజూ రాత్రి కొల్లేటి పక్క చెరువు గట్టు మీద తిరుగుతోంది.

ఆ మూడింటి మీదా పేర్లు చెక్కి ఉన్నాయి. స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించుకోవడం మనకెంత మామూలో, ఒకప్పుడు టార్చి మీద పేరు కొట్టించుకోవడం అంత మామూలు. పెళ్ళికో జాతరకో నలుగురూ చేరితే అందరి టార్చీలూ ఒకే గోడ వార నిలబడేవి. ఎవరిది ఏదో తెలియాలి కదా. అందుకని పేరు, ఊరు, సంవత్సరం కొట్టించేవాళ్ళు. ఎవరు కొన్నారు, ఎవరి చేతికిచ్చారు అన్నది ఆ గీతల్లోనే ఉంటుంది. నేను చెప్పబోయే చరిత్రకు శాసనాలు అవే.

కొల్లేటి చరిత్ర అనగానే అందరూ చెప్పేవి కొన్నున్నాయి. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కడం, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టిన ఆపరేషన్ కొల్లేరు, ఆటపాక గూడబాతులు. అవన్నీ చెప్పవలసినవే. కానీ ఈ నీళ్ళ పక్కన పుట్టినవాడు పై దేశం వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో ఏం పెట్టుకొచ్చాడన్నది కూడా చరిత్రే. దాన్ని "ఫారిన్ సామాను మోజు" అని ఒక్క మాటలో కొట్టిపారేయడం నాకు బాధగా ఉంటుంది. ఆ సామాన్లను దాదాపు యాభై ఏళ్ళు విప్పి, తుడిచి, అతికి బాగుచేసినవాడిగా చెబుతున్నాను. వాళ్ళు డాబు కోసం తేలేదు. ఇంటి దగ్గర ఏది లేదో అది తెచ్చారు.

మొదట లేనిది వెలుతురు.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరులు వచ్చి ఇందులో పడతాయి, ఉప్పుటేరు ఒక్కటే ఈ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. సరస్సు లోపల 46 లంక గ్రామాలు, చుట్టూ ఒడ్డున 76 గ్రామాలు అని లెక్క చెబుతారు. నేను పుట్టింది అలాంటి ఒక లంకలో. వానాకాలం వస్తే ఇంటికీ ఇంటికీ మధ్య కూడా తాటి దోనె మీదే వెళ్ళాలి. చేపలకు మావులు పెట్టేది సాయంత్రం, ఎత్తేది తెల్లవారుజామున. చీకట్లో దోనె దిగి గట్టు మీద కాలు పెట్టే చోట పాము ఉందో, తాడు ముక్క ఉందో తెలియదు. చేతిలో ఉండేది హరికేన్ లాంతరు. అది మనిషి చుట్టూ రెండడుగుల మేర వెలుగిస్తుంది, ముందుకు చూపించదు. పైగా దాన్ని పట్టుకున్నవాడి కళ్ళలోకే వెలుగు కొడుతుంది. ఎదురుగా ఇరవై గజాల అవతల ఏముందో చూపించే దీపం మాకు కావాలి. అది మా నాయనమ్మ మాటల్లో "రంగం దీపం".

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్ర నుంచి గోదావరి దాకా మన తీరం మనుషులు పని కోసం వెళ్ళిన విదేశం అది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే బర్మావాళ్ళు తెలుగువాళ్ళను కోరంగీలు అనేవాళ్ళు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ పట్నంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవాళ్ళల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. 1930 మే నెలలో ఆ రేవు పని దగ్గరే తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య పెద్ద కొట్లాటలు జరిగి చాలామంది చనిపోయారు. మా తాతయ్య ఆ తర్వాత నాలుగైదేళ్ళకు వెళ్ళాడు, బియ్యం మిల్లులో పనికి.

రంగూన్‌లో ఆయన జీతం డబ్బుతో కొన్న మొదటి వస్తువు టార్చి లైటు. రెండు పెద్ద సెల్లులది, ఇత్తడి మీద నికెల్ పూత. అమెరికాలో డేవిడ్ మిజెల్ అనే ఆయన టార్చికి పేటెంటు తీసుకున్నది 1899లో. అప్పటి సెల్లులు బలహీనం, బల్బులో ఉన్నది బొగ్గు తీగ. నొక్కితే కాసేపు మెరిసి ఆగేది, అందుకే దానికి ఫ్లాష్‌లైట్ అని పేరొచ్చింది. ముప్పై అయిదేళ్ళు తిరిగేసరికి అది టంగ్‌స్టన్ తీగతో నిలకడగా వెలిగే దీపమై, రంగూన్ బజార్ల మీదుగా మా తాతయ్య చేతికి చేరింది. ఆ గొట్టం మీద అర అంగుళం అక్షరాలతో ఆయన పేరు, కింద "రంగం" అని చెక్కి ఉంటుంది. ఊరి పేరు లేదు, అప్పటికి ఆయన ఊరు అదే కాబట్టి.

అక్కడి తిండి గురించి తాతయ్య చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. పొద్దున్నే వీధుల్లో అమ్మే మొహింగా ఆయనకు ప్రాణం. బియ్యప్పిండి సేమ్యా మీద చేపల పులుసు పోసి ఇస్తారు. ఆ పులుసు కాచేది మన మార్పులాంటి మీసాల చేపతోనే, అందులో లేత అరటి దవ్వ ముక్కలు వేస్తారు. "మన అరటి దవ్వేరా, మన మీసాల చేపే. కలిపిన చెయ్యి ఒక్కటే వేరు" అనేవాడు. పరాయి దేశంలో మొదటి ఏడాది బెంగ తీరింది ఆ గిన్నె దగ్గరే అని చెప్పాడు. నాయనమ్మ ఆ మాట పట్టుకుని ఒకసారి కొర్రమీను పులుసులో అరటి దవ్వ వేసి కాచింది. మా ఇంట్లో ఇప్పటికీ కార్తీకం వెళ్ళాక ఒక ఆదివారం ఆ పులుసు కాస్తాం. దానికి వేరే పేరు లేదు, రంగం పులుసే.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తర్వాతి నెలల్లో లక్షల మంది భారతీయులు ఆ దేశం వదిలి నడిచారు. తాతయ్య ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి, అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్ చేరాడు. దారిలో బియ్యం అయిపోయాయి, చెప్పులు అయిపోయాయి, టార్చిలో సెల్లులు అయిపోయాయి. టార్చి మాత్రం పారేయలేదు. ఖాళీ గొట్టం తువ్వాలులో చుట్టి నడుముకు కట్టుకుని వచ్చాడు.

ఇంటికొచ్చాక అది చిలక్కొయ్యకు వేలాడింది. యుద్ధం రోజుల్లో సెల్లులు దొరికే చోటు లేదు. అప్పుడే బ్రిటిష్ ప్రభుత్వం తాడేపల్లిగూడెంలో విమానాలకు రన్‌వే వేస్తోంది. ఆ రన్‌వే ఇప్పటికీ ఉంది, గూడెంవాళ్ళందరూ ఎరిగిందే. తాతయ్య అక్కడికి మట్టి పనికి వెళ్ళి, కూలి డబ్బుల్లోంచి మిగిల్చి, ఎవరి దగ్గరో రెండు సెల్లులు సంపాదించుకొచ్చాడు. ఆ రాత్రి లంకలో పిల్లా పెద్దా మా ఇంటి ముందు చేరారనీ, వెలుగు తాటిచెట్టు మొవ్వు దాకా వెళితే ఆడవాళ్ళు నోటి మీద చెయ్యి వేసుకున్నారనీ నాయనమ్మ చెప్పేది. నేను విన్న మొదటి టార్చి కథ అది. నేను రేడియో మెకానిక్ అవడానికి కూడా ఆ కథే కారణమనుకుంటాను.

ఎవరెడీ వాళ్ళు కలకత్తాలో సెల్లుల ఫ్యాక్టరీ పెట్టింది 1939లో, లక్నోలో టార్చీల ఫ్యాక్టరీ 1958లో. నాకు ఊహ తెలిసే వేళకు కిరాణా కొట్లలో కూడా సెల్లులు దొరికేవి కానీ ఖరీదే. అయిపోయిన సెల్లుల్ని ఎండలో పెట్టి మళ్ళీ ఒకటి రెండు రాత్రులు వాడుకోవడం ప్రతి ఇంట్లో ఉండేది. పూర్తిగా చచ్చాక పిల్లలం జింకు డబ్బా పగలగొట్టి లోపలి బొగ్గు పుల్ల తీసి గోడల మీద రాసుకునేవాళ్ళం. సెల్లు కారి గొట్టంలో అతుక్కుపోతే, లోపలి స్ప్రింగు ఆకుపచ్చగా తుప్పు పట్టేది. దాన్ని గరుకు కాగితంతో తళతళలాడేదాకా గీకడం నేను నేర్చుకున్న మొదటి రిపేరు.

పై దేశంలో మనిషి లేని ఇళ్ళవాళ్ళు ఏం చేసేవాళ్ళు? మద్రాసు వెళ్ళేవాళ్ళు. 1962 తర్వాత బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలు లాక్కుంటే, అక్కడి భారతీయులు మళ్ళీ ఓడలెక్కి తిరిగొచ్చారు. వాళ్ళు బతకడానికి 1969లో మద్రాసు బీచ్ స్టేషన్ దగ్గర పెట్టించిన కొట్ల వరుసే బర్మా బజారు. నేను విడి భాగాల కోసం మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీటుకు వెళ్ళేవాణ్ణి. ఏలూరులో మెయిలెక్కే ముందు చుట్టుపక్కలవాళ్ళు చీటీలు చేతిలో పెట్టేవాళ్ళు. ఒకరికి ట్రాన్సిస్టరు, ఒకరికి గడియారం, ముగ్గురికి టార్చి. బర్మా బజారులో టార్చి కొనడం ఒక విద్య. తల విప్పి రిఫ్లెక్టరు మీద ఊపిరి ఊది చూడాలి, ఆవిరి సమంగా తేలిపోతే పూత మంచిది. మీట పది సార్లు నొక్కాలి. గొట్టం కింద మూత మరలు చేతికి గరగర తగలకూడదు. బల్బు మీద అంకె చూడాలి. రెండు సెల్లులకు 2.5 వోల్టులు, మూడిటికి 3.8. మూడు సెల్లులదానికి 2.5 బల్బు పెడితే ఒక్క వెలుగుకే మాడిపోతుంది.

అక్కడే ఒక రాత్రి, సామాను కొనడం అయ్యాక, వీధి బండి దగ్గర అత్తో తిన్నాను. బర్మా నుంచి వచ్చినవాళ్ళు పెట్టిన బండి అది. నూడుల్సు, వేయించిన ఉల్లిపాయలు, చింతపండు రసం చేత్తో కలిపి పెట్టి, పక్కన చిన్న గిన్నెలో వేడి పులుసు పోశాడు. ఆ గిన్నెలో గుండ్రంగా తరిగిన అరటి దవ్వ తేలుతోంది. తాతయ్య పోయి అప్పటికి మూడేళ్ళు. ఆయన చెప్పిన గిన్నె ఇదేనని ఒక్క గుటకలో తెలిసింది. ఆ ప్రయాణంలో కొన్న టార్చిని ఎవరికీ ఇవ్వకుండా నాకే ఉంచుకున్నాను. బీరువాలో రెండోది అదే.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు మొదలయ్యాయి. నరసాపురం, పాలకొల్లు, కోనసీమ వైపు నుంచి ఇంటికొకరు చొప్పున వెళ్ళారు. మగవాళ్ళు డ్రైవర్లుగా, తాపీ పనికి. ఆడవాళ్ళు ఇంటిపని వీసాల మీద కువైట్‌కి, మస్కట్‌కి. ఏ దేశమైనా ఊళ్ళో అనేది మాత్రం "దుబాయి వెళ్ళింది" అనే. వాళ్ళు తెచ్చిన పెట్టెలు మా కొట్టు ముందు దిగేవి. టాంగ్ పొడి, నీడో పాలపిండి, టైగర్ బామ్, పూల దుప్పటి ఇంట్లో పంచాక, మిగిలిన పెద్ద వస్తువు నా దగ్గరికి వచ్చేది. అది టేప్ రికార్డరు, రేడియో కలిసిన టూ-ఇన్-వన్.

1979లో జరిగింది ఇప్పటికీ మరిచిపోలేదు. పాలకొల్లు వైపు నుంచి ఒకావిడ కొత్త సెట్టు పట్టుకొచ్చి, "పలకడం లేదండీ, చూడండి" అంది. నేను తొందరలో వెనక్కి తిప్పి చూడకుండా ప్లగ్గు పెట్టాను. ఆ సెట్టు వెనక వోల్టేజి మార్చే చిన్న మీట ఉంటుంది, ఒక పక్క 110, ఒక పక్క 220. అది 110 మీద ఉంది. ఒక్క నిమిషంలో ట్రాన్స్‌ఫార్మరు మాడిన వాసన. రెండేళ్ళు ఎడారి దేశంలో ఇంకొకరి ఇల్లు తుడిచి కొనుక్కున్న వస్తువు అది. ఆవిడ ఒక్క మాట అనలేదు, బల్ల మీద చెయ్యి పెట్టి నిలబడింది. మూడు రాత్రులు కూర్చుని, ఆ కాయిలు విప్పి, చుట్లు లెక్కపెట్టి, కొత్త రాగి తీగతో చేత్తో తిరిగి చుట్టాను. సెట్టు పలికింది. అప్పటి నుంచి ఏ విదేశీ వస్తువు వచ్చినా ముందు దాని వీపు చూస్తాను, తర్వాతే ముఖం.

ఆ సెట్టులో పాటల కంటే ముందు వినిపించింది మాట. ఫోను చాలా ఖరీదు, చాలామంది తల్లులకు చదువు రాదు. అందుకని గల్ఫ్ నుంచి క్యాసెట్టులో మాట్లాడి, ఊరికొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. అరవై నిమిషాల క్యాసెట్టు, ఒక్కో పక్క ముప్పై నిమిషాలు. ఇంట్లో సెట్టు లేనివాళ్ళు మా కొట్టుకొచ్చి వినేవాళ్ళు, జవాబు కూడా ఇక్కడే రికార్డు చేసేవాళ్ళు. నేను రికార్డు మీట నొక్కి బయటికి వెళ్ళి నిలబడేవాణ్ణి. ఒక అమ్మ పది నిమిషాల సేపు ఏమీ మాట్లాడలేక, చివరికి "రాత్రి చింతకాయ, ఎండు రొయ్యలు వండానే, నువ్వు గుర్తొచ్చావు" అని మాత్రం చెప్పింది. అవతల అది విన్న కూతురు ఏమనుకుందో నేను ఊహించగలను. మద్రాసులో అరటి దవ్వ పులుసు దగ్గర నాకూ అలాగే అయింది.

1984లో నేనూ వెళ్ళాను. కువైట్‌లో హవల్లీ అనే పేటలో ఎలక్ట్రానిక్స్ కొట్లు వరుసగా ఉంటాయి. అక్కడ ఒక రిపేరు కొట్టులో అయిదేళ్ళు పనిచేశాను. శుక్రవారం వస్తే మన ఊళ్ళవాళ్ళు మాలియా దగ్గర చేరేవాళ్ళు. అన్నం హోటళ్ళు, ఉత్తరాలు, ఊరి కబుర్లు, అన్నీ అక్కడే. ఊరికి వెళ్ళబోయేవాళ్ళు నన్ను వెంటబెట్టుకుని సామాను కొనడానికి బయల్దేరేవాళ్ళు. నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇది ఎవరికండీ?"

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో మా ప్రాంతం పటం మొత్తం ఉండేది. "మా నాన్న చెరువు కాపలా, మూడు సెల్లులది కావాలి." "మా అత్తగారికి రాత్రి దొడ్లోకి వెళ్ళడానికి, తేలికగా ఉండాలి." "తమ్ముడు సముద్రం మీద వేటకెళతాడు, షార్ట్‌వేవ్ ఉన్న ట్రాన్సిస్టరు కావాలి." 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టాక, తీరంలో ట్రాన్సిస్టరంటే పాటల పెట్టె కాదు, తుపాను కబురు వినే చెవి. జపాన్‌లో అమ్మే సెట్లలో ఎఫ్‌ఎం 76 నుంచి 90 దాకానే ఉంటుంది, అది మన దగ్గర పనికిరాదు, తీసుకోవద్దని చెప్పేవాణ్ణి. కువైట్ ప్లగ్గుకు మూడు పలక పిన్నులు, మన గోడకు గుండ్రటి బెజ్జాలు. అది కూడా చెప్పి, టార్చిలోంచి సెల్లులు తీయించి, విడిగా కాగితంలో చుట్టించి పెట్టెలో పెట్టించేవాణ్ణి. సెల్లు కారితే పెట్టెలో బట్టలు కూడా పోతాయి.

కొనడం అయ్యాక మేం ముబారకియా బజారుకు వెళ్ళేవాళ్ళం. చేపల అంగడి ముందు నిలబడితే కొల్లేటివాడికి ఆకలి వేస్తుంది. అక్కడివాళ్ళు ప్రాణం పెట్టే జుబైదీ మన చందువా చేపే. రొయ్యను రుబియాన్ అంటారు, దాన్ని అన్నంతో కలిపి వండితే ముర్రబియాన్. మచ్‌బూస్ అన్నంలో లూమీ అని నల్లటి ఎండు నిమ్మకాయ వేస్తారు, దాని పులుపులో పొగ వాసన ఉంటుంది. పక్కన దక్కూస్ అని టమాటా, వెల్లుల్లి పచ్చడి. తండూరులోంచి తీసిన ఇరానీ రొట్టె చేతులు కాలుతుండగా తుంచుకుని ఆ చేపతో తిన్న సాయంత్రాలు నా జీవితంలో మంచి సాయంత్రాలు. మన ఆవకాయ సీసా పక్కనే ఉండేది. కానీ అక్కడి తిండి తిన్నాకనే ఆ దేశం నాకు కొంచెం దగ్గరైంది. రోజూ అన్నం హోటల్లోనే తిని వచ్చినవాడికి ఆ ఊరు జీతమిచ్చే చోటుగానే మిగిలిపోతుంది.

1989లో తిరిగొచ్చాను. మూడో టార్చి అప్పటిది, దాని మీద నా పేరు, "కువైట్" అని ఉంది. మా బావ మాత్రం అక్కడే ఉన్నాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాయి. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో సుమారు 1,70,000 మంది భారతీయుల్ని తీసుకొచ్చారు, అందులో బావ ఒకడు. ఏడేళ్ళ సంపాదనతో కొన్న సామానంతా గదిలో వదిలి, చేతిసంచితో దిగాడు. అక్క ఏమీ అడగకుండా అన్నం పెట్టింది. బావ తింటుంటే చిలక్కొయ్య మీది రంగం టార్చి వైపే చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో పై దేశం నుంచి పరుగున తిరిగొచ్చినవాళ్ళల్లో బావ రెండోవాడు.

ఈలోగా కొల్లేరు మారిపోయింది. 1976లో ప్రభుత్వం సొసైటీలకు చేపల చెరువులు తవ్వి ఇవ్వడంతో మొదలై, నీళ్ళు గట్ల మధ్య గళ్ళుగా చీలాయి. ఆ మార్పు మంచిచెడ్డల గురించి చాలా వాదన ఉంది. నాకు కళ్ళారా తెలిసింది ఒకటి, చెరువులతో పాటు రాత్రి కాపలా పెరిగింది, టార్చి అవసరం పది రెట్లయింది. బావకు మళ్ళీ అన్నం పెట్టింది ఆ చెరువు పనే, ఇప్పుడు మా మేనల్లుడు చూస్తున్నాడు.

చేపల రైతుకు గండం తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల వేళ. పగలు నీటిలోని పచ్చనాచు ఎండకు ప్రాణవాయువు వదులుతుంది. రాత్రి అదే నాచు ఆ ప్రాణవాయువును పీల్చేసుకుంటుంది. పొద్దు పొడిచే ముందు నీటిలో గాలి బాగా తగ్గిపోయి, చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తాయి. ఆ క్షణం చూసుకోకపోతే తెల్లారేసరికి చెరువు నిండా తెల్లటి కడుపులు తేలుతాయి. గట్టు మీద నిలబడి టార్చి వేసి, నీటి మీద చిన్న చిన్న సుడులు కనబడగానే మోటారు ఆన్ చేయాలి. రొయ్యల చెరువైతే ఇంకో గుర్తు. లైటు పడగానే రొయ్యల కళ్ళు ఎర్రటి నిప్పురవ్వల్లా మెరుస్తాయి. అవి అంచుకు గుంపుగా చేరితే కింద ఏదో బాగాలేదన్నమాట. లాంతరు ఈ పని చేయలేదు. ఫోనులో ఉన్న లైటు కూడా చేయలేదు, అది పాదాల ముందు వరకే.

2018లో మా అమ్మాయి సింగపూర్ రమ్మంది. అప్పటికి దేశమంతా మారింది. ఫ్లాట్ టీవీలు సుంకం లేకుండా తెచ్చుకునే వీలు 2013 ఆగస్టుతో పోయింది, మిగతా సామాను ఏలూరులోనే దొరుకుతోంది. అయినా మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, దూరం కొట్టే లైటు ఒకటి చూడు, తడిసినా ఆగిపోకూడదు" అన్నాడు. ఆ మాటతో నాకు ముప్పై ఏళ్ళ వయసు తగ్గింది.

సిమ్ లిమ్ స్క్వేర్‌లో అంతస్తు అంతస్తూ తిరిగాను. తర్వాత సయ్యద్ ఆల్వీ రోడ్డులో ముస్తఫా సెంటరు, పగలూ రాత్రీ తెరిచే ఉండేది. టార్చీల అర ముందు గంట సేపు నిలబడ్డాను. అరచెయ్యంత అల్యూమినియం గొట్టం, లోపల ఒక్క లిథియం సెల్లు. దాని పేరే దాని కొలత: 18650, అంటే అడ్డం 18 మిల్లీమీటర్లు, పొడవు 65. తాతయ్య టార్చిలో రెండు పెద్ద సెల్లులు కలిపి మూడు వోల్టులిస్తే, ఇది ఒక్కటే 3.7 ఇస్తుంది, వందల సార్లు ఛార్జి అవుతుంది. బల్బు స్థానంలో మినపగింజంత ఎల్‌ఈడీ. తెల్లటి ఎల్‌ఈడీ వెలుగుకు మూలం నీలం ఎల్‌ఈడీ, దాన్ని సాధించిన ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. నేను అలవాటుగా తల విప్పి రిఫ్లెక్టరు మీద ఊపిరి ఊదాను. కొట్టు కుర్రాడు వింతగా చూశాడు. ఆవిరి సమంగా తేలిపోయింది. కొన్నాను. విడి సెల్లు మాత్రం చేతిసంచిలోనే పెట్టుకోవాలి, కింద సామానులో వేయనివ్వరు.

ఆ రాత్రి అమ్మాయి చేప తలకాయ కూర తినిపించింది. 1949లో కేరళ నుంచి వెళ్ళిన గోమెజ్ అనే ఆయన తన హోటల్లో మొదలుపెట్టాడని అక్కడ చెప్పుకుంటారు. పెద్ద తలకాయ, చింతపండు పులుసు, బెండకాయ, వంకాయ. చైనావాళ్ళకు తలకాయ ఇష్టం, మనవాళ్ళకు పులుసు ఇష్టం, రెండూ ఒక కుండలో కలిశాయి. బుగ్గ కండ ఊడదీసి అమ్మాయి నా విస్తరిలో వేసింది. మా ఇంట్లో అది పెద్దవాళ్ళకు పెట్టే ముక్క. దానికి నేను చెప్పకుండానే తెలుసు.

ఇంటికొచ్చిన రెండో రోజు మేనల్లుడు వచ్చాడు. లైటు చేతిలో తిప్పి చూసి, "పేరు కొట్టవా మావయ్యా?" అన్నాడు. వాడు తాతయ్య టార్చి చూస్తూ పెరిగినవాడు. స్టీలు మీద పేర్లు కొట్టే ఆయన ఆ నల్ల పూత మీద మిషను పెట్టనన్నాడు. అందుకని చేతి పట్టుకు ఉన్న రబ్బరు పట్టీ మీద నా సోల్డరింగ్ ఐరన్ మొనతో నేనే రాశాను. మొదట వాడి పేరు, దాని కింద "సింగపూర్, 2018". ఇంకా చోటు మిగిలితే ఏం రాయమంటావని అడిగాను. వాడు ఒక్క క్షణం ఆలోచించి, "పెద్ద చెరువు, తూర్పు గట్టు" అన్నాడు. అదే రాశాను.

మీ అటక మీద కూడా అలాంటి టార్చి ఒకటి, ఆగిపోయిన టూ-ఇన్-వన్ ఒకటి ఉండే ఉంటాయి. పాత సామాను వాడికి వేసే ముందు ఒకసారి తిప్పి చూడండి, వీపు మీద పేరుంటుంది. పేరు లేకపోతే మీరే రాయండి. ఎవరు తెచ్చారు, ఏ దేశం నుంచి, ఎవరి చీకటి కోసం.